ఇంట్లో తయారుచేసిన బోర్డు ఆటను ఆడించి చూసి సరిదిద్దుకోవడం ఎలా?

చార్టు మీద గళ్ళు గీసి, కార్డులు కత్తిరించి, రూల్స్ రాసుకునేదాకా చాలామంది బాగానే వస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. ఇంట్లోవాళ్ళు ఒకసారి ఆడి ‘బాగుంది’ అంటారు, రెండోసారి ఆడదామంటే మాత్రం ఎవరూ లేచి రారు. ఆట ఎక్కడ తేలిపోయిందో, దేన్ని మార్చాలో తెలియక ఆ చార్టు అటక ఎక్కుతుంది. ఈ మార్గదర్శి ఆ దశ కోసమే. ఆడేవాళ్ళ నోటి మాట కంటే వాళ్ళ చేతలు నమ్మడం, ఒకసారికి ఒక్కటే మార్చడం అనే రెండు అలవాట్ల మీదే కింది పద్ధతంతా నడుస్తుంది.

ఉదాహరణ కోసం ‘పిక్కల బస్తా’ అనే ఆట ఉందనుకుందాం. ముగ్గురు లేదా నలుగురు ఆడతారు, ఒక్కొక్కరూ ఒక్కో జీడిపప్పు వ్యాపారి. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి తోటల్లో పిక్కలు కొని, పలాస–కాశీబుగ్గకి తెచ్చి, బట్టీలో వేయించి, పప్పు అమ్మాలి. మొదట్లో ఒక్కొక్కరి చేతిలో 10 నాణేలు. పిక్కల బస్తా 3 నాణేలు, పప్పుగా మారాక అమ్మకం ధర 8. వంతుకి రెండు పనులు చేయొచ్చు. 12 రౌండ్లకి ఆట ముగుస్తుంది, ఎక్కువ నాణేలున్నవాళ్ళు గెలుస్తారు.

## 1. నమూనా: అందం తర్వాత, ముందు మార్చడానికి వీలు

మొదటి నమూనాకి రంగులు, బొమ్మలు, లామినేషన్ వద్దు. కష్టపడి బొమ్మ వేసిన కార్డుని తీసెయ్యడానికి చెయ్యి రాదు. పెన్సిల్‌తో రాసినదైతే అక్కడికక్కడే చెరిపేస్తాం.

కావలసినవి:

- సగం చార్టు, దాని వెనక అంటించడానికి అట్టపెట్టె అట్ట
- పాత పేకముక్కలు ఒక కట్ట, అవి పట్టే ప్లాస్టిక్ స్లీవ్‌లు
- ఏ4 తెల్ల కాగితాలు. కార్డు కొలత 63 × 88 మిల్లీమీటర్లు పెట్టుకుంటే ఒక కాగితంలో 9 చీటీలు వస్తాయి
- బస్తాలకి చింతపిక్కలు, నాణేలకి చొక్కా గుండీలు, ఆటగాళ్ళ కాయలకి నాలుగు రంగుల సీసా మూతలు
- పెన్సిలు, రబ్బరు, ఒక నోటు పుస్తకం, ఫోనులో స్టాప్‌వాచ్

స్లీవ్‌లో వెనక పేకముక్క, ముందు రాసిన చీటీ పెట్టాలి. వట్టి కాగితం ముక్కలతో ఆడించకండి. మే నెల ఉక్కలో ఫ్యాను వెయ్యక తప్పదు, వేస్తే చీటీలు ఎగిరిపోతాయి. చెమట చేతులకి మూలలు మెత్తబడి, ఏ ముక్క ఏదో వెనకనుంచే తెలిసిపోతుంది. తీసినవాడి సరుకు పోగొట్టే తుఫాను కార్డు మూల మడతపడిందంటే రెండో ఆటకల్లా దాన్ని అందరూ గుర్తుపట్టేస్తారు. ఇక ఆ ఆట ఫలితాన్ని నమ్మలేం.

నాణేలకి అసలు రూపాయి బిళ్ళలు వాడకపోవడం మంచిది. చూసే పెద్దవాళ్ళకి అది జూదంలా కనిపిస్తుంది, పిల్లల్ని కూర్చోనివ్వరు.

పాచికల బదులు గవ్వలు వాడితే ముందు వాటిని పరీక్షించాలి. నాలుగు గవ్వలు పడే తీరులు 16. ప్రతి గవ్వా రెండు వైపులా సమానంగా పడితే రెండు వెల్లకిలా పడేవి 6, ఒకటి పడేవి 4, మూడు పడేవి 4, నాలుగూ పడేది 1, ఒక్కటీ పడనిది 1. నిజం గవ్వలు అలా పడవు, వాటి ఆకారమే అందుకు ఒప్పుకోదు. అందుకే మీ దగ్గరున్న గవ్వల్నే, మీరు ఆడించబోయే చోటే, 100 సార్లు వేసి లెక్క రాసుకోండి. చాప మీద పడే తీరు గచ్చు మీద పడే తీరుకి తేడాగా ఉండొచ్చు.

## 2. ముందు ఒక్కరే కూర్చుని నలుగురిగా ఆడండి

ఇంకొకరి సమయం తీసుకునే ముందు, నాలుగు చేతులూ మీరే ఆడి చూడాలి. ఒక చేతిని ఆశపోతుగా, ఒకదాన్ని పిరికిగా, ఒకదాన్ని ఏమీ తెలియని పిల్లాడిలా ఆడించండి. నాలుగోది పంతం పట్టి ఒకే పని చేస్తూ పోవాలి. ఆట బాగుందో లేదో ఇక్కడ తేలదు. తేలేవి ఇవి:

- ఆట అసలు ముగుస్తుందా?
- ఎవరైనా చేతులు కట్టుకుని కూర్చోవలసిన వంతు వస్తుందా?
- రూల్స్‌లో సమాధానం లేని సందర్భం ఎదురైందా?
- ఒకే పని చేస్తూ పోయిన చెయ్యి గెలిచేసిందా?

నాలుగో ప్రశ్నకి కాగితం మీద లెక్క కట్టొచ్చు. మన ఆటలో రెండో బట్టీ ధర 6 నాణేలు, అది తర్వాతి వంతునుంచి వంతుకి 2 నాణేలు అదనంగా ఇస్తుంది అనుకోండి. 3 వంతుల్లో పెట్టుబడి తిరిగొస్తుంది. మొదటి వంతులోనే కొంటే మిగిలిన 11 వంతుల్లో 22 నాణేలు, అంటే 16 లాభం. ఈ లెక్క అర్థమయ్యాక ప్రతివాడూ మొదటి వంతులో బట్టీయే కొంటాడు. అందరూ ఒకటే చేసేచోట ఆడేవాడు ఎంచుకునేదేమీ లేదు.

ధర 10 చేస్తే తిరిగి రావడానికి 5 వంతులు పడుతుంది. పైగా మొదటి వంతులోనే కొంటే పిక్కలకి ఒక్క నాణెం మిగలదు. కొనాలా, ఆగాలా అన్న ఆలోచన అప్పుడే పుడుతుంది. ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. చేతిలో సున్నా నాణేలున్నవాడికి రెండో పని చెయ్యడానికి ఏమీ లేదు. ‘కూలికి వెళ్తే 1 నాణెం’ అనే పని ఒకటి చేరిస్తే ఆ ఖాళీ పూడుతుంది.

ఏ పెట్టుబడికైనా ఇదే లెక్క: ధరని వంతు రాబడితో భాగించండి. వచ్చిన సంఖ్య ఆటలోని మొత్తం వంతుల సంఖ్యలో మూడింట ఒక భాగానికీ సగానికీ మధ్య (మన 12 వంతుల ఆటలో 4కీ 6కీ మధ్య) ఉంటే కొనాలా వద్దా అన్నది నిజంగా ఆలోచించవలసిన విషయం అవుతుంది.

## 3. ఎవర్ని, ఏ వరసలో పిలవాలి

ముందు ఇంట్లోవాళ్ళు, తర్వాత స్నేహితులు, ఆ తర్వాత మీకు మొహమాటం లేనివాళ్ళు, చివర్న మీరు పక్కన లేకుండా ఆడేవాళ్ళు. ఈ వరస తిప్పకండి. తొలి రోజుల్లో ఆట మధ్యలో ఆగిపోతుంటుంది, రూలు అప్పటికప్పుడు మార్చాల్సి వస్తుంది. అది భరించే ఓపిక ఇంట్లోవాళ్ళకే ఉంటుంది. కానీ లోపం మొహం మీద చెప్పేది వాళ్ళు కాదు. ‘బాగానే ఉందమ్మా’ అని మామ్మ అన్నదంటే అది మీ మీద ప్రేమ. దాన్ని ఆట ఖాతాలో వేసుకోవద్దు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనుషులు ఒకచోట దొరికే కాలాలు తెలిసినవే. వలస వెళ్ళినవాళ్ళంతా సంక్రాంతికి ఊరికొస్తారు. భోగి, పండగ హడావిడి వదిలేసి కనుమ మధ్యాహ్నం నుంచి పట్టుకుంటే ముక్కనుమ సాయంత్రం దాకా ఆటగాళ్ళకి లోటుండదు. వేసవి సెలవుల్లో పిల్లలుంటారు. స్నేహితులు దాటి కొత్తవాళ్ళు కావాలంటే ఎచ్చెర్ల, రాజాం వైపు కాలేజీ హాస్టళ్ళు మంచి చోట్లు. విజయనగరంలో దసరా తర్వాతి మంగళవారం ఎవర్నీ పిలవకండి, పైడితల్లి అమ్మవారి సిరిమాను పండగ రోజున ఊళ్ళో ఎవరూ గంటసేపు కూర్చోరు.

అష్టాచెమ్మా, పులి–మేక ఆడుతూ పెరిగిన పెద్దవాళ్ళని ఒక్క ఆటకైనా కూర్చోబెట్టండి. వాళ్ళకి కొత్త బోర్డు ఆటల పద్ధతులు తెలియవు, కానీ ఎదుటివాడి కాయని ఎక్కడ కట్టెయ్యాలో బాగా తెలుసు. మీ రూల్స్‌లో సందు ఉంటే ముందు దొరకబుచ్చుకునేది వాళ్ళే.

## 4. ఆడించే రోజు

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి:

- కార్డులు లెక్కపెట్టి, బాగా కలిపి పెట్టడం
- ఈ రోజు ఏ ఒక్క విషయం చూడాలో పుస్తకంలో పైన రాసుకోవడం
- వెర్షన్ నంబరు, తేదీ, ఆడేవాళ్ళ వయసులు రాసుకోవడం
- టీ, పకోడీ ఆట అయ్యాకే అని చెప్పేయడం (నూనె చేతులు స్లీవ్‌లకి పడవు)

రూల్స్ 5 నిమిషాల్లో చెప్పాలి. మొదట గెలుపు ఎలాగో చెప్పండి, తర్వాత ఒక వంతులో ఏం చేస్తారో, చివర్న మినహాయింపులు. తోటలతో మొదలుపెట్టి నాణేల దాకా వచ్చేసరికి, వినేవాళ్ళకి ఎందుకు వింటున్నామో తెలియదు. అయిదు నిమిషాల్లో చెప్పలేకపోతే రూల్స్ ఎక్కువయ్యాయన్నమాట. అది కూడా రాసుకోండి.

ఆట మొదలయ్యాక మాట్లాడకూడదు. ఇది అన్నిటికంటే కష్టమైన పని. బాబాయి తప్పు చోట కాయ పెడుతుంటే ‘అక్కడ కాదండీ, పక్క గడిలో పెడితే లాభం’ అనాలని నాలుక దురద పెడుతుంది. అన్నారంటే ఆ ఆట పోయినట్టే. ఆయన ఆ గడినే ఎందుకు ఎంచుకున్నాడో మీకు ఎప్పటికీ తెలియదు. బోర్డు మీద బాణం గుర్తు అటు చూపిస్తున్నట్టు ఆయనకి కనిపించి ఉండొచ్చు.

రూల్ గురించి అడిగితే మాత్రం చెప్పండి. చెప్పే ముందు ప్రశ్ననీ, అది ఏ రౌండులో వచ్చిందో రాసుకోండి. ‘ఇప్పుడేటి చెయ్యాలి?’ అని ఒక్కరు అడిగితే పరధ్యానం అనుకోవచ్చు. అదే చోట ఇద్దరు అడిగితే లోపం రూల్‌లోదే.

మాటలతో పాటు చేతులు, కళ్ళు కూడా చూడాలి:

- తమ వంతు కానప్పుడు బోర్డు చూస్తున్నారా, ఫోను తీశారా?
- కార్డు తీసి చదివి మళ్ళీ మళ్ళీ చదువుతున్నారా? అయితే ఆ కార్డు మీద వాక్యం మార్చాలి.
- నాణేలు పదేపదే లెక్కపెడుతున్నారా? ఎదుటివాళ్ళ డబ్బు కనిపించడం లేదన్నమాట.
- వెనక్కి జారగిలబడ్డవాళ్ళు ఏ రౌండులో అలా అయ్యారు?

## 5. రాసుకునే పట్టిక

ప్రతి ఆటకీ ఒక పేజీ చాలు: మొదలైన సమయం, ముగిసిన సమయం, మొదట ఆడినవారు ఎవరు, గెలిచింది ఎవరు, అందరి నాణేలు, ఎవరూ వాడని కార్డులు, వచ్చిన ప్రశ్నలు.

మొదట ఆడినవాళ్ళ గెలుపుల్ని లెక్కించడం మరవొద్దు. నలుగురి ఆటలో మొదటివాడు 20 ఆటల్లో 5 చుట్టూ గెలవాలి. 7 లేదా 8 అయినా అదృష్టం వల్ల జరగొచ్చు. 10 దాటితే ముందు ఆడటంలోనే లాభం ఉంది. అప్పుడు రెండో ఆటగాడికి 1, మూడో, నాలుగో ఆటగాళ్ళకి 2 నాణేలు అదనంగా ఇచ్చి మళ్ళీ లెక్క తియ్యండి. మూడు ఆటలు చూసి ఈ మార్పు చెయ్యకండి, మూడిట్లో మూడూ ఒకడే గెలిచినా అది దేనికీ రుజువు కాదు.

## 6. ఆట అయ్యాక అడగవలసినవి

‘బాగుందా?’ అని అడగకండి. దానికి వచ్చే జవాబు ఒకటే.

- గెలవలేనని మీకు ఎప్పుడు అనిపించింది?
- ఏ వంతులో ఎక్కువసేపు ఆలోచించారు, దేని గురించి?
- ఏ కార్డు చేతిలో ఉన్నా లేనట్టే అనిపించింది?
- రేపు మీ బావకి ఈ ఆట నేర్పాలంటే ఏమని మొదలుపెడతారు?

చివరి ప్రశ్న చాలా విలువైనది. వాళ్ళు చెప్పే మొదటి వాక్యమే మీ ఆట అసలు స్వరూపం. మీరనుకున్నది వ్యాపారం, వాళ్ళు చెప్పేది ‘తుఫాను రాకముందే సరుకు వదిలించుకోవడం’ అయితే, తుఫానుని గట్టిగా పట్టుకోవాలి.

సలహాలు ఇచ్చినప్పుడు వినండి, రాసుకోండి, వాదించకండి. ‘ఇంకో పాచిక పెట్టండి’ అన్నవాడి బాధ పాచిక గురించి అయి ఉండదు. తన వంతులో ఏమీ జరగలేదని చెబుతున్నాడు. బాధని నమ్మండి, పరిష్కారం మీరు వెతకండి.

## 7. తరచూ కనిపించే లోపాలు

అకస్మాత్తుగా వచ్చే నష్టం. మొదటి వెర్షన్‌లో తుఫాను కార్డు తీసినవాడి సరుకంతా పోతుంది అనుకోండి. తీసినవాడు ఏ తప్పూ చెయ్యలేదు, జాగ్రత్త పడే దారీ లేదు. అతను మిగిలిన ఆటంతా మొక్కుబడిగా ఆడతాడు. కార్డు తీసెయ్యడం తేలిక. కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం ప్రాంతపు జీడి, కొబ్బరి తోటల్ని కూల్చేసిన నేల మీది ఆటలో తుఫాను లేకపోతే ఎలా?

దారి బయటే ఉంది. తుఫాను చెప్పకుండా రాదు. కళింగపట్నం రేవులో ముందు ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, తీవ్రత పెరిగే కొద్దీ నంబరు మారుతుంది. ఆటలోనూ అలాగే చెయ్యండి. రౌండుకి ఒకటి చొప్పున తీసే కార్డులు మొత్తం 15 తయారుచేయండి, వాటిలో 3 ‘హెచ్చరిక’ కార్డులు ఉండాలి. మూడో హెచ్చరిక వచ్చినప్పుడే తుఫాను. అప్పుడు గోదాములో లేని సరుకు అందరిదీ పోతుంది. హెచ్చరిక వచ్చాక పప్పు 8కి బదులు 5కే తెగనమ్ముకోవచ్చు, లేదా బస్తాకి 1 నాణెం కట్టి గోదాములో పెట్టుకోవచ్చు.

12 రౌండ్లలో 15లో 12 కార్డులే బయటికొస్తాయి కాబట్టి, మూడు హెచ్చరికలూ వచ్చేది దాదాపు సగం ఆటల్లోనే. రెండో హెచ్చరిక తర్వాత ఉండే ఉత్కంఠ అంతా ఆ ‘వస్తుందో రాదో’లో ఉంది. పోయే సరుకు పాత వెర్షన్‌లో ఎంతో ఇక్కడా అంతే కావచ్చు. కానీ పోగొట్టుకున్నవాడు ‘ఆ రౌండులోనే అమ్మేయాల్సింది’ అంటాడు, కార్డుని తిట్టడు.

ముందున్నవాడు అందకుండా పోవడం. డబ్బు డబ్బుని పెంచే ప్రతి ఆటలో ఉండేదే. రెండో బట్టీ ఉన్నవాళ్ళు పిక్కలు 3కి బదులు 4 పెట్టి కొనాలి, లేదా ప్రతి రౌండులో అందరికంటే తక్కువ నాణేలున్నవాళ్ళు ముందు ఆడాలి. రెండిట్లో ఒకటే చెయ్యండి. రెండూ పెడితే వెనకబడి ఉండటమే లాభం అవుతుంది, తెలివైనవాళ్ళు కావాలని వెనకే ఉంటారు.

తన వంతు కోసం ఎదురుచూపు. నలుగురు, వంతుకి నిమిషంన్నర అంటే మిగతా ముగ్గురి కోసం నాలుగున్నర నిమిషాలు ఆగాలి. మొత్తం 48 వంతులకి 72 నిమిషాలు. వంతుకి రెండు పనులకి బదులు ఒకటి చేసి రౌండ్లు పెంచండి. లేదా అందరూ చెయ్యబోయే పని కార్డుని ఒకేసారి బోర్లా పెట్టి, కలిసి తిప్పేలా చెయ్యండి. రెండోదానిలో ఎదురుచూపు దాదాపు పోతుంది, కానీ ఎదుటివాడి మనసు ఊహించడం అనే కొత్త ఆట వచ్చి చేరుతుంది. అది మీకు కావాలో వద్దో ఆడించి చూడండి.

ఓడిపోయేవాడు గెలుపుని నిర్ణయించడం. చివరి రౌండులో ఆశ లేనివాడు తన సరుకు ఎవరికిస్తే వాళ్ళే గెలుస్తారు. ఆటగాళ్ళ మధ్య అమ్మకాలని 10వ రౌండుతో ఆపేస్తే చాలు.

ఎవరూ వాడని కార్డు. అయిదు ఆటల్లో ఒక్కసారీ వాడకపోతే దాని లాభం రెట్టింపు చేసి చూడండి. అప్పటికీ ముట్టుకోకపోతే తీసెయ్యండి.

## 8. మార్పులు చేసే పద్ధతి

ఒకసారికి ఒక్క మార్పే. బట్టీ ధరా, గోదాము అద్దే కలిపి మార్చి, ఆట బాగుపడితే దేనివల్ల బాగుపడిందో తెలియదు. పాడైతే దేన్ని వెనక్కి తియ్యాలో తెలియదు.

అంకెలు మార్చేటప్పుడు పెద్ద అడుగు వెయ్యండి. 6ని 7 చేస్తే తేడా కంటికి ఆనదు. 12 చెయ్యండి, లేదా 3 చెయ్యండి. అతి అయ్యిందని తెలిశాక మధ్యకి రండి.

ప్రతి మార్పుకీ వెర్షన్ నంబరు పెంచి, కార్డుల మూలన కూడా రాయండి. 0.3 కార్డు ఒకటి 0.5 కట్టలో కలిసిపోతే ఒక సాయంత్రమంతా వృథా. పాత చీటీలు పారెయ్యకుండా కవరులో వేసి ఉంచండి, వెనక్కి వెళ్ళాల్సిన రోజు వస్తుంది.

చేర్చే ముందు తీసెయ్యగలమా అని చూడండి. మూడు రూల్స్‌తో అతికించిన చోట ఒక రూల్ తీసేస్తే తరచూ సరిపోతుంది.

## 9. రూల్స్ కాగితం ఒక్కటే ఇచ్చి ఆడించడం

వరుసగా మూడు ఆటల్లో కొత్త ప్రశ్న రాకపోతే ఈ దశకి రావచ్చు. ఆట పెట్టెనీ, రూల్స్ కాగితాన్నీ ఎప్పుడూ చూడనివాళ్ళ చేతిలో పెట్టి, మీరు వెనక కుర్చీలో కూర్చోండి. రూల్ తప్పు ఆడినా నోరు విప్పకూడదు.

- ఒక వస్తువుకి ఒకటే పేరు ఉండాలి. ఒకచోట ‘పిక్కలు’, ఇంకోచోట ‘సరుకు’, మరోచోట ‘బస్తా’ అంటే మూడు వేర్వేరు వస్తువులని చదివేవాళ్ళు అనుకుంటారు.
- మొదటి పేజీలోనే ఆట మొదలుపెట్టేటప్పుడు బోర్డు ఎలా ఉండాలో బొమ్మ ఉండాలి.
- ఒక పూర్తి వంతుని అంకెలతో సహా రాసి చూపించాలి: 10 నాణేలున్నాయి, మందసలో ఒక బస్తా కొన్నారు, 7 మిగిలాయి.
- నాణేలు సమానమైతే గెలుపు ఎవరిదో రాయాలి. చాలామంది మరిచిపోయేది ఇదే.

వాళ్ళు కాగితంలో ఏ పేరా దగ్గరికి పదేపదే తిరిగొచ్చారో గుర్తుపెట్టుకుని, ఆ పేరాని తిరగరాయండి.

## 10. అచ్చుకి ఇచ్చే ముందు

బోర్డుని ఫ్లెక్స్ మీద వేయిస్తే చవకే, కానీ చుట్టి ఉంచితే అంచులు లేచిపోతాయి, కాయలు జారిపోతాయి. 18 × 18 అంగుళాల కాగితం ప్రింటుని అట్టకి అంటించి, మధ్యలో మడిచేలా చేయించుకోవడం మేలు. కార్డులకి 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే) కాగితం సరిపోతుంది.

- రంగులొక్కటే నమ్మకుండా ప్రతి ఆటగాడికీ ఒక గుర్తు కూడా ఇవ్వండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్ళు ఉంటారు.
- అక్షరాలు పెద్దవాళ్ళు అద్దాలతో, ట్యూబులైటు కింద, చేయి చాపినంత దూరంలో చదవగలగాలి.
- ఒత్తులు, వట్రసుడి ప్రింటులో తెగుతున్నాయేమో చూడండి. కొన్ని షాపుల్లో ఫాంటు మారి అక్షరాలు విడిపోతాయి. ఫైలుని పీడీఎఫ్‌గా ఇస్తే ఈ బెడద తగ్గుతుంది.
- కార్డు చుట్టూ 3 మిల్లీమీటర్ల రంగు అదనంగా వదలండి, కత్తిరింపు పక్కకి జరిగినా తెల్ల గీత రాదు.

ముందు ఒక్క సెట్టే వేయించి, దానితో రెండు ఆటలు పూర్తిగా ఆడించండి. కార్డులు కలుపుతున్నప్పుడు వెనక వైపు రంగులో తేడా కనిపిస్తోందా, స్లీవ్ లేకుండా తీస్తే ఒకదానికొకటి అంటుకుంటున్నాయా అని చూశాకే మిగతా సెట్లకి చెప్పండి.